విశాఖ ఊటకి వెల కట్టింది ఎవరు? భూమి విలువ లెక్క వెనకున్న కథ

ఈ ఎపిసోడ్‌లో యుద్ధాలు లేవు, కోటలు లేవు. ఒక నీటి ఊట ఉంది, దాని మీద లండన్ దాకా వెళ్లిన ఒక కేసు ఉంది. మీ నాన్నగారి పొలం రేపు హైవేలో పోతే ఎంత వస్తుంది, మీరు కొనబోయే ఫ్లాట్‌కి బ్యాంకు ఎంత విలువ కడుతుంది లాంటి ప్రశ్నలకి కొంత జవాబు ఆ కేసులోనే ఉంది. కాబట్టి చివరిదాకా ఉండండి.

2004లో బ్రిటన్ హౌస్ ఆఫ్ లార్డ్స్ ముందుకి ఒక తగాదా వచ్చింది. వేల్స్‌లో కార్డిఫ్ అనే ఊరి దగ్గర సముద్రపు పాయకి అడ్డంగా కట్ట కట్టారు. దాంతో పక్షులు మేత ఏరుకునే బురదనేలలు మునిగిపోయాయి. వాటికి బదులు వేరే చోట పక్షుల కోసం చిత్తడినేల తయారుచేద్దామని కొందరి భూములు తీసుకున్నారు. ఆ యజమానులు ఏమన్నారంటే, మాది ఉత్త పచ్చికనేల కాదు, మీ ప్రాజెక్టుకి తప్పనిసరిగా కావాల్సిన నేల, ఆ లెక్కన డబ్బు కట్టండి అన్నారు. చివరికి వాళ్లు ఓడిపోయారనుకోండి. కానీ ఆ వాదన తేల్చడానికి జడ్జిలు కూర్చుని వివరంగా చర్చించిన పాత తీర్పుల్లో ఒకటి 1939 నాటిది, మన విశాఖపట్నానిది. ఇంగ్లిష్ లాయర్లు, వాల్యుయర్లు దాన్ని ముద్దుగా 'ది ఇండియన్ కేస్' అంటారు. వాళ్లకి ఇండియన్ కేసు. మనకైతే డాల్ఫిన్స్ నోస్ పక్క కేసు.

దాని దగ్గరికి వెళ్లేముందు కాస్త వెనక్కి వెళ్దాం. ఎందుకంటే భూమికి వెల కట్టడం అనే పని మన దగ్గర కొనడానికో అమ్మడానికో మొదలవలేదు. పన్ను వసూలు కోసం మొదలైంది.

1800లో నిజాం రాయలసీమ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. అందుకే ఆ జిల్లాలకి దత్తమండలాలు అని పేరు. అక్కడికి ప్రిన్సిపల్ కలెక్టర్‌గా వచ్చినవాడు థామస్ మన్రో. మంత్రాలయం కథలో మీరు వినే మన్రో ఈయనే. 1807 దాకా ఉన్నాడు. ఆ 7 ఏళ్లలో చేయించిన పెద్ద పని ఏంటంటే, ఊరూరా పొలాల్ని 33 అడుగుల గొలుసుతో కొలిపించడం. తర్వాత కరణాన్నీ, రెడ్డినీ, రైతుల్నీ వెంటబెట్టుకుని పొలం పొలం తిరిగి, ఇది ఏ తరం నేల అని తేల్చడం. తరం అంటే ఇక్కడ జనరేషన్ కాదండోయ్, నేల నాణ్యత. నల్లరేగడా, ఎర్రనేలా, ఇసకనేలా, నీళ్లు అందుతాయా లేదా, ఇవన్నీ చూసి ఒక తరగతి కట్టేవారు. ఆ తరగతిని బట్టి శిస్తు.

మన్రో గురించి నాకు నచ్చే విషయం ఒకటుంది. ఇంత కొలిపించినవాడు, 1807లో వెళ్లిపోయేముందు, ఈ శిస్తు ఎక్కువైంది, 25 శాతం తగ్గించండి అని తనే సిఫారసు రాశాడు. పైవాళ్లు అప్పుడు వినలేదు. ఊళ్లని గుత్తకిచ్చే పద్ధతి పెట్టారు. 1820లో ఆయనే మద్రాసు గవర్నరై తిరిగొచ్చాక ఆ తగ్గింపు అమల్లోకి వచ్చింది. 1827లో పత్తికొండ దగ్గర కలరాతో పోయాడు. మంచివాడా చెడ్డవాడా అనే చర్చ ఇక్కడ వద్దు, కంపెనీ ఖజానా నింపడానికి వచ్చినవాడే. కానీ వెల కట్టేవాడికి తన లెక్క మీద తనకే అనుమానం ఉండటం చిన్న విషయం కాదు.

ఆ తర్వాత 19వ శతాబ్దం రెండో సగంలో మద్రాసు ప్రభుత్వం మళ్లీ సర్వే చేయించి, ఇంకా సన్నంగా తరాలు కట్టింది. మీ తాతగారి కాగితాల్లో 'డైగ్లాట్' అనే మాట కనిపిస్తే భయపడకండి. ఆ సెటిల్‌మెంట్ రిజిస్టర్ ఇంగ్లిష్, తెలుగు రెండు భాషల్లో ఉండేది కాబట్టి ఆ పేరు. తెలంగాణ వైపు నిజాం పాలనలో సాలార్‌జంగ్ సంస్కరణల తర్వాత ఇలాంటి పనే జరిగింది, అక్కడి కాగితం సేత్వార్. ఈ తేడా వట్టి పాత ముచ్చట కాదు. 2015లో అమరావతి కోసం ల్యాండ్ పూలింగ్ చేసినప్పుడు మెట్ట భూమి ఇచ్చిన రైతుకి ఎకరానికి ఏడాదికి 30,000 కౌలు, జరీబు భూమి ఇచ్చిన రైతుకి 50,000 అని మొదలుపెట్టారు. చూశారా, 200 ఏళ్ల తర్వాత కూడా ప్రభుత్వం మొదట అడిగింది ఏ తరం నేల అనే.

సరే, ఇప్పుడు రెండో దారి. ప్రభుత్వానికి పన్ను కాదు, భూమే కావాలి. అప్పుడు ధర ఎవరు చెప్తారు?

ఇంగ్లాండులో ఈ ప్రశ్న రైళ్లతో వచ్చింది. రైలు కంపెనీ పట్టాలు వేయాలంటే వేల మంది పొలాలు కోయాలి. పొలం వాడు ఒక సర్వేయర్‌ని పెట్టుకునేవాడు, కంపెనీ ఇంకొకణ్ణి పెట్టుకునేది, ఇద్దరూ వాదించుకునేవారు. ఆ వాదనల్లోంచే వాల్యుయేషన్ అనే వృత్తి గట్టిపడింది. 1868లో లండన్‌లో సర్వేయర్ల సంస్థ పెట్టుకున్నారు, ఇప్పుడు మనం ఆర్‌ఐసీఎస్ అని వినేది అదే. అంటే అక్కడ వాల్యుయర్ పుట్టిందే రెండు పక్షాల మధ్య.

మన దగ్గర అలా కాదు. 1824లో బెంగాల్‌లో ఒక రెగ్యులేషన్, 1870లో దేశమంతటికీ ఒక చట్టం, చివరికి 1894 భూసేకరణ చట్టం. ఈ 1894 చట్టం 2013 చివరిదాకా బతికే ఉంది. దాని ప్రకారం భూమి కావాలన్నది ప్రభుత్వమే, ధర మొదట చెప్పేది కూడా ప్రభుత్వ అధికారే. మీకు నచ్చకపోతే కోర్టుకి వెళ్లొచ్చు. కొనేవాడే బేరం చెప్పి, కొనేవాడే ఖరారు చేసి, నీకు ఇష్టం లేకపోతే కేసు వేసుకో అన్నట్టు. ఒక్క మాట ఒప్పుకోవాలి. ఆ చట్టంలో 23వ సెక్షన్ 'మార్కెట్ విలువ' ఇవ్వాలంది. బలవంతంగా తీసుకుంటున్నారు కాబట్టి దాని మీద ఇంకో 15 శాతం కలపమంది. ఆ అదనాన్నే సొలేషియం అంటారు. 1984లో దాన్ని 30 శాతం చేశారు. కానీ మార్కెట్ విలువ అంటే ఏంటో చట్టం వివరించలేదు. అసలు తగాదా అంతా అక్కడే.

ఇప్పుడు విశాఖ వెళ్దాం.

1920లు. ఉప్పుటేరు, మడలు, చిత్తడి ఉన్నచోట కొత్త హార్బర్ తవ్వుతున్నారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ మొదటగా లోపలికి వచ్చింది. ఆ హార్బర్ పక్కనే కొండల మధ్య లోవ గార్డెన్స్ అనే నేల ఉంది. లోవ అంటే మన ఉత్తరాంధ్ర మాటలో లోయే. అది రాజా వైరిచర్ల నారాయణ గజపతిరాజు గారిది. అక్కడ మలేరియా ఎక్కువ, హార్బర్ ప్రాంతం ఆరోగ్యంగా ఉండాలంటే ఆ నేల మా చేతిలో ఉండాలి అని ప్రభుత్వం దాన్ని సేకరించింది. నేలకి నేల లెక్క కట్టి ఒక ధర చెప్పారు.

రాజావారి వాదన వేరే. నా నేలలో మంచినీటి ఊట ఉంది. పక్కనే హార్బర్, ఆయిల్ కంపెనీలు వస్తున్నాయి. చుట్టూ ఉప్పునీళ్లు. తాగే నీళ్లు ఎవరికైనా అవసరమే కదా. ఆ ఊట విలువ లెక్కలో ఏది? అన్నారు.

కింది కోర్టు జడ్జి ఊటని లెక్కలోకి తీసుకుని మొత్తం బాగా పెంచారు. మద్రాసు హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఎందుకంటే, నీళ్లు కొనగలిగేది హార్బర్ వాళ్లే. వాళ్లే ఇప్పుడు భూమి తీసుకుంటున్నారు. ఇంకో కొనుగోలుదారు లేనప్పుడు ఆ ఊటకి మార్కెట్ ఎక్కడిది? వినడానికి సబబుగానే ఉంది కదా? ఒక్క నిమిషం వీడియో ఆపి ఆలోచించండి, మీరైతే ఏం తీర్పు చెప్పేవారు?

కేసు లండన్ వెళ్లింది. అప్పట్లో మనకి పై కోర్టు ప్రివీ కౌన్సిల్, డౌనింగ్ స్ట్రీట్‌లో ఉండేది. 1939 ఫిబ్రవరిలో లార్డ్ రోమర్ తీర్పు చదివారు. ఆయన చెప్పింది నా మాటల్లో చెప్తాను. మార్కెట్ విలువ అంటే, అమ్మడానికి ఇష్టపడే మనిషి, కొనడానికి ఇష్టపడే మనిషి ఎదురెదురుగా కూర్చుంటే తేలే ధర. అమ్మేవాడికి తాతల నాటి భూమి మీద ఉన్న మమకారం పక్కన పెట్టాలి. కొనేవాడికి ఉన్న అర్జెంటూ పక్కన పెట్టాలి. ఇద్దరి నెత్తి మీదా కత్తి లేదనుకోవాలి. భూమి ఇవాళ ఎలా వాడుతున్నారు అన్నది ఒక్కటే కాదు, రేపు దేనికి పనికొస్తుంది అన్నది కూడా చూడాలి. అలాగని రేపటి పని ఇవాళే పూర్తయిపోయినట్టు లెక్క కట్టకూడదు. ఆ అవకాశానికి మాత్రమే ధర.

ఇక అసలు ముడి, కొనేవాడు ఒక్కడే అయితే? వేలంపాట ఊహించుకోమన్నారు. మామూలు నేలగా కొనేవాళ్లు తమ ధర దాకా పాడి ఆగిపోతారు. ఊట కావాల్సినవాడు ఒక్క రూపాయి ఎక్కువ పాడితే చాలు, సరుకు అతనిదే. అంటే వేలం లెక్కలో ఊట విలువ ఒక్క రూపాయి! ఇది అసంబద్ధం అన్నారు ఆయన. నిజ జీవితంలో అలా జరగదు. ఆ ఒక్కడికీ ఆ నీళ్లు కావాలని అమ్మేవాడికీ తెలుసు, కొనేవాడికీ తెలుసు. స్నేహంగా బేరమాడుకుంటే ఉత్త నేల ధర కంటే ఎంతో కొంత ఎక్కువకే తెగుతుంది. కాబట్టి కొనేవాడు ఒక్కడే అయినా, ఆ ఒక్కడు సేకరిస్తున్న ప్రభుత్వమే అయినా, ఊటకి విలువ ఉంది. హైకోర్టు తప్పింది.

నాకు ఇందులో గొప్పగా అనిపించేది ఏంటంటే, మార్కెట్ విలువ అనేది ఎక్కడో దాక్కుని ఉంటే వెతికి పట్టుకునే వస్తువు కాదని ఇంత సూటిగా ఒప్పుకోవడం. అది ఒక ఊహాబేరం. వాల్యుయర్ పని ఆ ఇద్దరు లేని మనుషుల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి, నిజమైన ఆధారాలతో వాళ్ల బేరం రాయడం.

స్వాతంత్ర్యం వచ్చాక మన సుప్రీంకోర్టు కూడా ఈ తీర్పుని చాలాసార్లు ఉదహరించింది. మరి ఆధారాలు ఏంటి? 1988లో పూణె భూముల కేసులో, చిమన్‌లాల్ హరగోవింద్‌దాస్ తీర్పు అంటారు, సుప్రీంకోర్టు ఒక లెక్క పద్ధతి చెప్పింది. చుట్టుపక్కల అదే కాలంలో జరిగిన నిజమైన అమ్మకాలు చూడండి, తర్వాత కూడికలు తీసివేతలు చేయండి అంది. రోడ్డు పక్కనుంటే కూడండి, లోపలికుంటే తీసేయండి. చదరంగా ఉంటే కూడండి, సన్నటి పట్టీలా ఉంటే తీసేయండి. పల్లంలో ఉండి మట్టి పోయాల్సి వస్తే తీసేయండి. చిన్న ప్లాటు గజం ధర తెచ్చి 10 ఎకరాలకి అలాగే అంటగట్టకండి, రోడ్లకీ ఖాళీ స్థలాలకీ పోతుంది కదా, సుమారు 20 నుంచి 50 శాతం దాకా తగ్గించాల్సి రావచ్చు అంది. మన రియల్ ఎస్టేట్ బ్రోచర్లలో "పక్క వెంచర్ గజం 20,000 అండి, మనది ఎకరం లెక్కన వేసుకోండి" అనే మాట ఎందుకు తప్పో ఇక్కడ తెలుస్తుంది.

ఇక్కడే మన తెలుగు ఇళ్లల్లో అందరికీ తెలిసి ఎవరూ పైకి మాట్లాడని విషయం ఒకటుంది. వైట్, బ్లాక్. 40 లక్షలకి కొన్న స్థలాన్ని 15 లక్షలకి రిజిస్టర్ చేయిస్తాం. స్టాంపు డ్యూటీ మిగిలింది అని సంతోషం. మరి రేపు ఆ పక్క భూమి సేకరణకి వస్తే కోర్టు చూసేది ఏ కాగితం? ఆ 15 లక్షల దస్తావేజే. మనం దాచిన 25 లక్షలు పక్కింటి రైతు పరిహారంలోంచి పోయాయి. అతను దాచింది మన పరిహారంలోంచి పోతుంది. ఊరంతా కలిసి ఊరి విలువని తక్కువ రాసుకున్నట్టు.

దీనికి విరుగుడుగా ప్రభుత్వాలు ప్రతి ఊరికీ ఒక ధరల పుస్తకం పెట్టాయి, అంతకంటే తక్కువకి రిజిస్టర్ చేస్తే ప్రశ్నిస్తారు. మనం 'గవర్నమెంట్ వాల్యూ' అనేది అదే. సరే, ఆ పుస్తకంలో ధర ఎక్కువుంటే పరిహారం కూడా ఆ లెక్కన ఇస్తారా? 1994లో ఆదిలాబాద్ ఆర్డీవో కేసులో సుప్రీంకోర్టు, ఇవ్వక్కర్లేదు అంది. ఆ పుస్తకం స్టాంపు డ్యూటీ వసూలు కోసం పెట్టుకున్నది, అది మార్కెట్ విలువకి సాక్ష్యం కాదు అంది. అంటే మన దగ్గర పన్ను తీసుకునేటప్పుడు ఒక ధర, మనకి ఇచ్చేటప్పుడు ఇంకో ధర. చట్టపరంగా తర్కం ఉంది, కాదనను. కానీ ఆ రైతు ముఖం చూసి ఆ తర్కం చెప్పగలిగేవాళ్లు ఎంతమంది?

2013 చట్టం దీన్ని మార్చింది. 26వ సెక్షన్ ప్రకారం స్టాంపు చట్టం కింద ఉన్న ధర ఒకవైపు. గత 3 ఏళ్లలో దగ్గర్లో జరిగిన అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం తీసుకుని వాటి సగటు ఇంకోవైపు. ఏది ఎక్కువైతే అది తీసుకోవాలి. పల్లెల్లో దాన్ని 1 నుంచి 2 దాకా, రాష్ట్రం నిర్ణయించిన అంకెతో గుణించాలి. దాని మీద 100 శాతం సొలేషియం. ఉదాహరణకి ఎకరం 20 లక్షలు తేలింది, గుణకం 1.25 అనుకోండి. 25 లక్షలు అయింది, సొలేషియంతో 50 లక్షలు. ఇది కాక నోటిఫికేషన్ నుంచి అవార్డు దాకా ఏడాదికి 12 శాతం కూడా ఉంది. అంటే మొదటి అంకె దగ్గర 1 లక్ష తప్పు జరిగితే చివర్లో 2.5 లక్షల తేడా. అందుకే ఆ మొదటి అంకె ఎవరు రాశారు, ఏ అమ్మకాలు చూసి రాశారు అని అడగాలి.

ఇంతకీ ప్రభుత్వం బయట, ప్రైవేటుగా వెల కట్టే వాల్యుయర్లు మన దగ్గర ఎలా వచ్చారు? సంపద పన్ను వల్ల. 1957లో ఆ పన్ను వచ్చింది. ఆస్తి మీద పన్ను అంటే ఆస్తి విలువ ఎవరో చెప్పాలి కదా. 1972లో 'రిజిస్టర్డ్ వాల్యుయర్' అనే హోదా చట్టంలో పెట్టారు. ఎక్కువగా సివిల్ ఇంజినీర్లు ఈ పనిలోకి వచ్చారు. సంపద పన్ను 2015 బడ్జెట్‌తో పోయింది. ఈలోపు 2013 కంపెనీల చట్టం కింద కొత్త వ్యవస్థ వచ్చింది. 2017 నియమాల ప్రకారం దివాలా బోర్డు, అదే ఐబీబీఐ, పరీక్ష పెట్టి రిజిస్టర్ చేస్తుంది. భూమి, భవనాలకి వేరు, యంత్రాలకి వేరు, షేర్లలాంటి వాటికి వేరు. ఇది చదువుకునే పిల్లలకి మంచి కెరీర్ కూడా, ఆసక్తి ఉంటే ఆ సిలబస్ చూడండి.

ఒకే బిల్డింగ్‌కి ముగ్గురు మూడు ప్రశ్నలు అడుగుతారు. యజమాని, అమ్మితే ఎంత అంటాడు. అందులో షాపు పెట్టుకున్న అద్దెదారు, నేను కట్టే అద్దె న్యాయమేనా అంటాడు. పెట్టుబడి పెట్టేవాడు, అద్దె మీద నాకెంత గిడుతుంది అంటాడు. ఆ మూడోవాడి లెక్క సరదాగా ఉంటుంది. నెలకి 30,000 అద్దె, ఏడాదికి 3,60,000. పన్ను, రిపేర్లు 60,000 తీసేస్తే 3 లక్షలు. మార్కెట్లో అలాంటి బిల్డింగుల మీద 3 శాతం రాబడికి జనం కొంటున్నారనుకోండి, విలువ 1 కోటి. 4 శాతం అడుగుతున్నారనుకోండి, విలువ 75 లక్షలు. ఇటుక కదల్లేదు, అద్దె మారలేదు, ఒక్క శాతం తేడాకి 25 లక్షలు మాయం. రిపోర్టులో ఆ శాతం ఎక్కడి నుంచి తెచ్చారో రాయకపోతే ఆ రిపోర్టుని నేను నమ్మను.

నా చదువు కోసం మా నాన్న ఇల్లు తనఖా పెట్టినప్పుడు బ్యాంకు తరఫున ఒకాయన వచ్చారు. బండి దిగి 4 ఫొటోలు తీశారు, ఇంటి వెనక ఉన్న బావిని చూడనే లేదు, టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. రిపోర్టులో ఆ బావి లేదు, పక్క సందులో పడుతున్న కొత్త రోడ్డు లేదు. అప్పట్లో అది మామూలే అనుకున్నాం. లోవ గార్డెన్స్ తీర్పు చదివిన రోజు మాత్రం నాకు మొదట గుర్తొచ్చింది ఆ బావే.

బ్యాంకు రిపోర్టుల్లో సాధారణంగా మూడు అంకెలు ఉంటాయి, చూడండి. మార్కెట్ విలువ, దానికంటే తక్కువగా రియలైజబుల్ విలువ, ఇంకా తక్కువగా డిస్ట్రెస్ విలువ. మూడోది తొందరగా అమ్మాల్సి వస్తే వచ్చే ధర. అంటే లార్డ్ రోమర్ పక్కన పెట్టమన్న ఆ తొందర, బ్యాంకు లెక్కలోకి మళ్లీ వచ్చేసింది. లోన్ కట్టలేక ఇల్లు వేలానికి వస్తే, 2002 సర్ఫేసీ చట్టం నియమాల కింద, అమ్మేముందు బ్యాంకు వాల్యుయర్ చేత విలువ కట్టించి రిజర్వ్ ధర పెట్టాలి. ఆ ధర మరీ తక్కువ అనిపిస్తే డెట్ రికవరీ ట్రైబ్యునల్‌లో ప్రశ్నించొచ్చు. ఆ రిపోర్టు కాపీ రాతపూర్వకంగా అడగండి. ఏ తేదీన వచ్చి చూశారు, లోపలికి వచ్చారా, ఏయే అమ్మకాలతో పోల్చారు, ఆ దస్తావేజుల నంబర్లు ఉన్నాయా, ఈ నాలుగూ చూస్తే చాలావరకు అర్థమైపోతుంది.

వచ్చే ఎపిసోడ్‌లో ఆ హార్బర్ తవ్విన కథే చెప్తాను. ఉప్పుటేట్లోకి ఇసక కొట్టుకురాకుండా రెండు పాత ఓడల్ని ముంచేసి అడ్డంగా పెట్టారు, అది వేరే పెద్ద కథ. ఉంటాను.